బైకు మలిచే చేతులు, ఇల్లు నడిపే లెక్కలు

రాత్రి భోజనాలు ముగిసే వేళ కుమారుడు తల ఎత్తకుండానే అంటాడు: "అబ్బా, నేను కస్టమ్ బైకులు కట్టే షెడ్డు పెట్టుకుంటాను." తండ్రి చేతిలోని ముద్ద ఆగిపోతుంది. తల్లి వంటగది గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. ఇంత చదివించింది చేతులకు గ్రీజు పూసుకోవడానికా అన్నది మొదటి బాధ. రాత్రివేళ వీధులు అదిరిపోయేలా సైలెన్సర్లు మోగించే కుర్రాళ్ల సావాసం పడుతుందేమో అన్నది రెండవ భయం. మూడవదాన్ని ఎవరూ పైకి అనరు. షెడ్డుకు అడ్వాన్సు, వెల్డింగ్ యంత్రం, కంప్రెసర్, పరికరాలు ఎక్కడినుంచి వస్తాయి? చాలా ఇళ్లలో దానికి ఒకటే సమాధానం ఉంటుంది. అది తల్లి బీరువాలో ఉన్న బంగారం.

అటువంటి కోరికను ఒక్క మాటతో కొట్టిపారేయడం సులభం. ముచ్చటపడి ఒక్క మాటతో ఒప్పుకోవడమూ సులభమే. రెండింటికీ ముందు ఆ వృత్తి ఏమిటో, అందులో ఎవరు ఎలా నిలబడ్డారో, ఎవరు ఎందుకు పడిపోయారో తెలుసుకోవడం అవసరం. కంపెనీ తయారుచేసిన మోటారు సైకిలును విడదీసి, ఒక మనిషి అభిరుచికి, అవసరానికి తగినట్లుగా తిరిగి మలచడమే కస్టమ్ బైకు నిర్మాణం. దానితో జీవించవచ్చు, జీవిస్తున్నవారూ ఉన్నారు. అయితే వారిని నిలబెట్టినది బండి మెరుపు కంటే మాట నిలకడ, లెక్కల శుభ్రత, చట్టం పట్ల మర్యాద అని ఈ వృత్తి చరిత్రే చెబుతుంది.

వృత్తి పుట్టిన తీరు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో సైన్యం వాడి మిగిల్చిన మోటారు సైకిళ్లు చవకగా అమ్మకానికి వచ్చాయి. ఇళ్లకు చేరిన యువ సైనికులు వాటిని కొని, బరువు తగ్గించేందుకు ముందు మడ్‌గార్డు తీసేశారు, వెనుకదాన్ని సగానికి కోశారు, అక్కరలేని సామగ్రిని విప్పి పక్కన పెట్టారు. వాటికి 'బాబర్' అని పేరు వచ్చింది. తరువాత ఛాసిస్‌నే కోసి, ముందు ఫోర్కును పొడిగించి, హ్యాండిలును ఎత్తుగా లేపి మలచినవి 'చాపర్లు' అయ్యాయి. కోయడం అన్న మాటనుంచే ఆ పేరు పుట్టింది.

దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో మరొక ధోరణి మొదలైంది. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో ప్రారంభమైన ఏస్ కేఫ్ వంటి చోట్ల చేరే యువకులు హ్యాండిలును కిందికి దించి, సీటును వెనక్కు జరిపి వేగం కోసం బండ్లను మలచుకున్నారు. నార్టన్ కంపెనీ ఛాసిస్ దృఢత్వానికి, ట్రయంఫ్ కంపెనీ ఇంజను చురుకుదనానికి పేరుపొందాయి. రెంటినీ కలిపి కట్టిన బండిని 'ట్రైటన్' అన్నారు. ఆ ఒరవడినే నేడు 'కేఫ్ రేసర్' అంటున్నారు.

ఆరంభంలో ఇది వ్యాపారం కాదు. డబ్బు తక్కువగా ఉండి, చేతిలో పనితనం ఉన్నవారు తమ బండిని తామే బాగుచేసుకున్నారు. పొరుగువాడు చూసి "నాదీ చేసిపెట్టు" అన్నప్పుడు అది వృత్తి అయింది. వృత్తిగా మారిన క్షణంనుంచే ధర ఎంత, గడువు ఎంత, పేరు ఎవరిది అన్న ప్రశ్నలు కూడా మొదలయ్యాయి.

పేరు దక్కని చేతులు

ప్రపంచంలో అత్యధికులు గుర్తుపట్టే కస్టమ్ బైకు 1969లో విడుదలైన 'ఈజీ రైడర్' అనే అమెరికన్ చలనచిత్రంలో కనిపిస్తుంది. పెట్రోలు ట్యాంకు మీద అమెరికా జెండా రంగులు, ఆకాశంలోకి చాచినట్లున్న ఫోర్కు దాని గుర్తులు. 'కెప్టెన్ అమెరికా' అని పిలిచే ఆ బండి బొమ్మ లోకమంతటా గోడలకెక్కింది. దాన్ని కట్టినవారి పేర్లు మాత్రం దశాబ్దాలపాటు బయటి లోకానికి తెలియలేదు.

కట్టినవారు ఇద్దరు నల్లజాతి అమెరికన్లు. క్లిఫ్ వాన్ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన ఫొటోగ్రాఫర్. బెన్ హార్డీ దక్షిణ లాస్ ఏంజిలిస్‌లో సొంత షెడ్డు నడిపిన ఉస్తాదు. పోలీసు శాఖ వాడి వేలం వేసిన పాత హార్లే-డేవిడ్సన్ బండ్లతో చిత్రం కోసం నాలుగింటిని సిద్ధం చేశారు. చిత్రం పేర్లలో ఆ ఇద్దరి పేర్లూ లేవు. బండ్లలో ఒకటి చివరి దృశ్యంలో ధ్వంసమైంది, మిగిలినవి దొంగల పాలయ్యాయి. 2014లో ఆ చిత్రంలోని బండి ఇదేనంటూ ఒకదాన్ని వేలం వేస్తే 13.5 లక్షల డాలర్ల ధర పలికింది. అది అసలుదా కాదా అన్న వివాదం వేరుగా నడిచింది. బెన్ హార్డీ అప్పటికే కన్నుమూశాడు.

మన మెకానిక్ షెడ్లలోనూ ఈ కథకు బంధువులు ఉన్నారు. ట్యాంకును సుత్తితో కొట్టి నునుపుగా తెచ్చే టింకరు ఒకరు, రంగు వేసేవాడు ఒకరు, లేత్ మీద ఇరుసు తిప్పేవాడు మరొకరు. ఫొటో మాత్రం షెడ్డు యజమానిది. పేరు దక్కకపోతే తరువాతి పని దక్కదు. పని ఒప్పుకునేనాడే ఎవరి వంతు ఏమిటో, ఎవరికి ఎంత చెల్లించాలో, బండి వెంట ఎవరి పేరు వెళ్లాలో కాగితం మీద పెట్టుకోవడం అపనమ్మకం కాదు. పనివానికి మనం చేసే కనీస న్యాయం అది.

టీవీ చూపిన వైభవం, చూపని బరువు

ఈ వృత్తి పట్ల యువకుల్లో మోజు పెంచినది టెలివిజన్. న్యూయార్క్ రాష్ట్రంలో ఇనుప నిర్మాణాల పని చేసుకునే పాల్ టటుల్ సీనియర్ 1999లో 'ఆరెంజ్ కౌంటీ చాపర్స్' స్థాపించాడు. 2003లో మొదలైన 'అమెరికన్ చాపర్' ధారావాహిక ఆ తండ్రిని, అతని కుమారుడు పాల్ జూనియర్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. పెద్ద కంపెనీలు తమ ప్రచారం కోసం బండ్లు కట్టించుకున్నాయి. సంస్థ పేరు ముద్రించిన బట్టలు, వస్తువులు అమ్ముడుపోయాయి. ఇంటింటా తెర మీద కనిపించినది మాత్రం తండ్రీకొడుకుల కేకలు.

2008లో న్యూబర్గ్ పట్టణంలో సంస్థకు విశాలమైన ప్రధాన కేంద్రం తెరిచారు. అమెరికాను ఆర్థిక సంక్షోభం ముంచెత్తిన సంవత్సరం కూడా అదే. ఆడంబరపు బండ్లకు గిరాకీ పడిపోయింది. కొన్నేళ్లకే ఆ భవనాన్ని రుణదాతకు వదులుకోవలసి వచ్చింది. ఈలోగా కుమారుడు బయటికి వెళ్లి సొంత సంస్థ పెట్టుకున్నాడు. సంస్థలో కుమారునికున్న వాటా విషయమై తండ్రీకొడుకులు న్యాయస్థానం మెట్లెక్కారు.

ఈ ఉదంతంలో మన కుటుంబాలు గమనించవలసినవి రెండు. ఆ సంస్థ వెలుగులో పెద్ద వంతు ప్రచారానిది, టీవీది. మన వీధి చివర షెడ్డు పెట్టే అబ్బాయికి ఆ దన్ను ఉండదు. ఇక తండ్రి పెట్టుబడి, కొడుకు పనితనం కలిసి నడిచే దుకాణంలో ఎవరి వాటా ఎంత, జీతం ఎంత, విడిపోతే లెక్క ఎలా అన్నది మొదటిరోజే రాసుకోవాలి. "మనలో మనకు కాగితాలెందుకు" అన్న మాట ప్రేమతోనే పుడుతుంది. కాగితం ఉంటే ఆ ప్రేమ చివరివరకూ నిలుస్తుంది.

ఇందుకు భిన్నమైన దారి జపాన్‌కు చెందిన షిన్యా కిమురాది. 1992లో ఒకాజాకిలో 'జీరో ఇంజినీరింగ్' స్థాపించి పేరు తెచ్చుకున్నాడు. సంస్థ పెరిగిన తరువాత దాన్ని వదిలి, 2006లో కాలిఫోర్నియాలోని అజూసాలో 'చాబాట్ ఇంజినీరింగ్' పేరుతో చిన్న షెడ్డు పెట్టుకొని తన చేతులతో తానే బండ్లు కట్టడం ఎంచుకున్నాడు. పని పెరగడమే విజయమనుకునే వేళ, తన చేయి ఎంతవరకు సాగుతుందో అంతవరకే పని తీసుకోవడం కూడా ఒక విజయమే.

మన గడ్డ మీద

మనదేశంలో ఈ కళకు ఎక్కువగా ఆధారం రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినప్పటినుంచి దశాబ్దాలపాటు పెద్ద మార్పు లేకుండా తయారైనందువల్ల దాని భాగాలు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, దాన్ని విప్పి బిగించగల చేతులూ ప్రతి ఊళ్లో ఉంటాయి. ముంబయిలోని వర్దెంచి, జైపూర్‌లోని రాజ్‌పుతానా కస్టమ్స్ వంటి సంస్థలు ఈ పనితో దేశమంతటా పేరు పొందాయి. ఇటీవలి కాలంలో కంపెనీయే కొనేనాడే రంగులు, సీట్లు, అద్దాలు, ఇతర అమరికలు ఎంచుకునే సదుపాయం కల్పిస్తున్నది. అంటే పైపై అలంకారం మీద మాత్రమే ఆధారపడే షెడ్డుకు కంపెనీయే పోటీదారు.

తెలుగు ప్రాంతాలకు ఈ విద్య కొత్త కాదు. హైదరాబాదు మెకానిక్ షెడ్లలో ఉస్తాద్, షాగిర్ద్ అన్న మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. పాన అందించడంతో మొదలై, చక్రం విప్పడం, కార్బురేటర్ శుభ్రం చేయడం, చివరకు చప్పుడు విని జబ్బు చెప్పడం వరకు సాగే ఆ చదువుకు ధ్రువపత్రం ఉండదు. పదేళ్లు నిలబడ్డవాని చెవి మాత్రం యంత్రం కన్నా నమ్మకంగా పలుకుతుంది. దీనికి బడి చదువు తోడైతే మరింత బలం. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సులు రెండేళ్లవి, వెల్డర్ కోర్సు ఏడాదిది. కొలత గీసిన బొమ్మ చూసి లోహాన్ని కోయగలవాడికి షెడ్డులో ఒక గౌరవం, బయట మరో పదిచోట్ల ఉద్యోగం ఉంటాయి. బైకు పని నడవకపోయినా చేతిలో విద్య మిగులుతుంది.

బండి ఒక నగ కాదు

కస్టమ్ పనిలో అందానికన్నా ముందు ప్రాణం గురించి ఆలోచించాలి. ఒక ఉదాహరణ చాలు. హ్యాండిలు తిరిగే ఇరుసు గీతను కిందికి పొడిగిస్తే అది నేలను ఒకచోట తాకుతుంది. ముందు చక్రం నేలను తాకేది దానికి కొంచెం వెనుక. ఈ రెంటి మధ్య దూరాన్ని 'ట్రెయిల్' అంటారు. అది మరీ తగ్గితే వేగంలో హ్యాండిలు వణుకుతుంది, మరీ పెరిగితే మలుపులో బండి మొరాయిస్తుంది. చూడడానికి బాగుందని ఫోర్కు మార్చినవాడు ఈ లెక్క తెలియకుండా మారిస్తే, ఆ తప్పు రోడ్డు మీద బయటపడుతుంది. ఛాసిస్ మీద అతుకు కూడా అంతే. పైకి నున్నగా రంగు వేసినా లోపల వెల్డింగు సరిగా దిగకపోతే గతుకుల్లో అది ఒకనాడు విడిపోతుంది. ఆ బండి మీద వెనుక సీట్లో ఒక తల్లో, ఒక పసిపిల్లో కూర్చుని ఉండవచ్చు.

పనివాని ప్రాణమూ ఇందులో ఉంది. పెట్రోలు వంపేసిన ట్యాంకు ఖాళీ అయిందనుకొని వెల్డింగు పెట్టడం ఈ వృత్తిలో ఘోరమైన పొరపాటు. ద్రవం పోయినా ఆవిరి మిగులుతుంది, గాలితో కలిసిన ఆ ఆవిరే పేలుతుంది. ట్యాంకును పూర్తిగా కడిగి, ఆవిరి లేకుండా చేసిన తరువాతే నిప్పు దగ్గరకు తేవాలి. గట్టిపరిచే ద్రావకం కలిపి చల్లే రంగుల తుంపర ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, ఉబ్బసం తెచ్చిపెడుతుంది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దాన్ని ఆపలేదు. తగిన ముసుగు, గాలి వెళ్లే ఏర్పాటు, వెల్డింగు కళ్లద్దాలు మొదటి పెట్టుబడిలో భాగం కావాలి. కొడుకు షెడ్డు చూడడానికి వెళ్లిన తండ్రి ముందుగా చూడవలసినవి ఇవే.

చట్టం గీసిన గీత

చాలామంది యువకులకు తెలియని విషయం ఇది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ, అనుమతి లేని మార్పులు చేయించుకున్న యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

ఛాసిస్ కోత, చప్పుడు పెంచే సైలెన్సర్, ఇష్టం వచ్చిన ఇంజను అమరిక ఈ గీతకు అవతల ఉన్నాయి. రంగు కూడా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే వివరమే. మారిస్తే రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించాలి. పట్టుబడిన సైలెన్సర్లను వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో నలిపించే దృశ్యాలను మనం వార్తల్లో చూస్తున్నాం. ఆ సైలెన్సరును డబ్బు తీసుకొని బిగించినవాడు ఒకడు ఉంటాడు. అతడి సంపాదనలో పక్కవీధి రోగి నిద్ర, పసిబిడ్డ ఉలికిపాటు కూడా కలిసి ఉన్నాయి. "కస్టమరు అడిగాడు, నేను చేశాను" అన్నది సమాధానం కాదు. వద్దని చెప్పగలగడం కూడా ఈ వృత్తిలో నేర్వవలసిన పనితనమే.

పాత బండ్లు, పాత ఇంజన్లు కొనేటప్పుడు మరొక జాగ్రత్త ఉంది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పత్రాలతో సరిపోలాలి, అమ్మినవాని రశీదు ఉండాలి. చవకగా వచ్చిందని కాగితం లేని ఇంజను కొంటే, అది దొంగసొత్తు అని తేలిననాడు షెడ్డు మూతపడుతుంది, ఇంటి పరువు వీధిన పడుతుంది.

గీతకు ఇవతల ఉన్న పని

మరి చట్టం ఇంత గట్టిగా ఉంటే మిగిలిన పని ఏమిటి అని అడగవచ్చు. పని చాలానే ఉంది.

మొదటిది పునరుద్ధరణ. మైసూరులో తయారైన యెజ్డీ, ఒకప్పుడు యువకుల కలల బండి యమహా ఆర్‌ఎక్స్ 100, పాత రాజ్‌దూత్, పాత బుల్లెట్ నేటికీ ఎన్నో ఇళ్ల వెనుక దుప్పటి కప్పుకొని ఉన్నాయి. నాన్న నడిపిన బండిని ఆయన జ్ఞాపకంగా మళ్లీ నడిపించాలన్న కోరిక కొడుకులకు ఉంటుంది. దాన్ని అసలు రూపానికి, అసలు రంగుకు, అసలు చప్పుడుకు తేవడం చట్టానికి లోబడిన కస్టమ్ పని. దొరకని భాగాన్ని లేత్ మీద తయారుచేయడం, తుప్పు తిన్న ట్యాంకును బాగుచేయడం, వైరింగు మొత్తం కొత్తగా అల్లడం ఇందులో ఉంటాయి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తనిఖీ తరువాత అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవలసి ఉంటుంది. ఆ తనిఖీకి బండిని సిద్ధం చేయడమూ ఒక పనే. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని బండ్లకు 2021లో వచ్చిన నిబంధనలు 'వింటేజ్' గుర్తింపు కల్పించాయి. అక్కడ విలువంతా మార్చకపోవడంలోనే ఉంది.

రెండవది, ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమని భావించేది, దివ్యాంగుల కోసం చేసే పని. పోలియో వల్ల కాలు బలహీనపడిన మనిషి ఒకరు స్కూటరుకు వెనుక రెండు అదనపు చక్రాలు అమర్చుకొని ఉదయాన్నే దుకాణానికో, కార్యాలయానికో వెళ్లడం మనం చూస్తూనే ఉంటాం. అది కూడా ఒక మనిషి కోసం ప్రత్యేకంగా మలచిన బండే. చట్టం దీన్ని 'అడాప్టెడ్ వెహికల్'గా గుర్తిస్తుంది. ఆమోదం పొందిన సరంజామాతో అమర్చి, రవాణా శాఖ తనిఖీ చేయించి నమోదు చేయించుకోవచ్చు. అనేక రాష్ట్రాలు ఇటువంటి వాహనాలకు పన్ను మినహాయింపునూ ఇస్తున్నాయి.

ఈ పనిలో బండి కన్నా ముందు మనిషిని కొలవాలి. ఏ కాలు బలహీనం? ఏ చేతిలో పట్టు ఎక్కువ? బ్రేకు ఏ వైపు ఉండాలి? ఊతకర్ర ఎక్కడ నిలపాలి? సీటు ఎత్తు ఎంత ఉంటే ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చోగలరు? అదనపు చక్రాలు అమర్చిన స్కూటరు మలుపులో మామూలు స్కూటరులా ఒరగదు. కాబట్టి వేగం తగ్గించి తిప్పాలన్న సంగతిని నేర్పి, ఖాళీ మైదానంలో నాలుగు చుట్లు తిప్పించి మరీ తాళం చేతికివ్వాలి. అన్నదమ్ముల వెనుక కూర్చుని ఊరు తిరిగిన మనిషి మొదటిసారి తానే తాళం తిప్పి గేటు దాటేటప్పుడు ఆ ఇంటివారి ముఖాలు చూడాలి. ఏ బహుమతి సభలోనూ దొరకని గౌరవం ఆ షెడ్డుకు దక్కుతుంది. ఆ మనిషి మరో నలుగురికి చెబుతాడు.

గంటల లెక్క, అమానత్ లెక్క

ఇక ఇల్లు నడిపే లెక్క. ఊహకు ఒక పని తీసుకుందాం. ఒక బండి పునరుద్ధరణకు భాగాల ఖర్చు కాక, కూలి 60,000 రూపాయలని ఒప్పుకున్నారు. రెండు నెలల్లో, 150 గంటల్లో అవుతుందనుకున్నారు. అద్దె, కరెంటు, గ్యాసు, అరగదీసే కాగితాల వంటి వాటిలో ఈ బండి వంతు నెలకు 6,000. అంటే రెండు నెలలకు 12,000. మిగిలిన 48,000ను 150తో భాగిస్తే గంటకు 320 రూపాయలు. బాగానే ఉంది.

జరిగేది వేరు. ఒక భాగం దొరకదు, రంగు ఒకసారి చెడుతుంది, కస్టమరు సీటు మార్చమంటాడు. పని మూడున్నర నెలలు సాగి 260 గంటలు పడుతుంది. ఖర్చు వంతు 21,000 అవుతుంది. మిగిలిన 39,000ను 260తో భాగిస్తే గంటకు 150 రూపాయలు. చేతి విద్య అదే, శ్రమ ఎక్కువ, ఫలితం సగానికన్నా తక్కువ. గంటలు రాసుకోని షెడ్డుకు తాను నష్టపోతున్నట్లు కూడా తెలియదు. ప్రతి పనికి ఒక నోటు పుస్తకం, ప్రతి మార్పుకు కొత్త అంచనా, దాని కింద కస్టమరు సంతకం ఉంటే ఈ లెక్క చేయి దాటదు.

ఈ వృత్తిని లోపలినుంచి తినే చెద మరొకటుంది. కస్టమరు బండి భాగాల కోసం అడ్వాన్సు ఇస్తాడు. ఆ నెల అద్దె కట్టలేక షెడ్డు యజమాని అందులోనుంచి తీస్తాడు. తరువాత వచ్చిన రెండవ కస్టమరు అడ్వాన్సుతో మొదటివాని భాగాలు కొంటాడు. మూడవవాని డబ్బుతో రెండవవాని పని సాగుతుంది. నాలుగవవాడు రాని నెలలో అన్ని బండ్లూ విప్పిన భాగాలుగా నేలమీద పడి ఉంటాయి, ఫోను మోగినా ఎత్తలేని స్థితి వస్తుంది. మోసం చేయాలన్న ఉద్దేశం ఆ మనిషికి మొదట ఉండదు. అయినా చివరకు జరిగేది మోసమే. అడ్వాన్సు యజమాని సంపాదన కాదు, అమానత్. ప్రతి బండికి వేరు లెక్క, వీలైతే వేరు ఖాతా ఉండాలి. పని ఎంత పూర్తయితే అంతే కూలి అందులోనుంచి తీసుకోవాలి. తన ఇంటి ఖర్చు ఆ డబ్బుతో ముడిపడకుండా ఉండాలంటే రోజువారీ ఆదాయం వేరుగా ఉండాలి.

అందుకే అనుభవజ్ఞులు ఈ వృత్తిని మూడు మెట్లుగా చూస్తారు. రోజు గడిచేది ఆయిలు మార్పు, బ్రేకులు, క్లచ్ వంటి మామూలు మరమ్మతుతో. పేరు వచ్చేది పునరుద్ధరణతో, దివ్యాంగుల వాహనాలతో. మనసు నిండేది అరుదుగా వచ్చే పెద్ద కస్టమ్ పనితో. మొదటి మెట్టును చిన్నచూపు చూసి మూడవ మెట్టు మీదికి దూకినవారే ఎక్కువగా పడిపోతారు.

ఆ రాత్రి జవాబు

తిరిగి ఆ భోజనాల వేళకు వద్దాం. తండ్రి ఆ రాత్రే అవుననో కాదనో చెప్పనక్కరలేదు. "రెండేళ్లు ఒక మంచి ఉస్తాదు దగ్గర పనిచేయి, లేదా ఐటీఐలో చేరు. ప్రతిరోజూ ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో పుస్తకంలో రాయి. రెండేళ్ల తరువాత ఆ పుస్తకం తీసుకొని రా, కూర్చుని మాట్లాడుకుందాం" అని చెప్పవచ్చు. ఆ రెండేళ్లలో మోజు అయితే దానంతటదే చల్లారుతుంది, విద్య అయితే వేళ్లకు పట్టుకుంటుంది.

తల్లి బంగారం అంతవరకు బీరువాలోనే ఉండనివ్వాలి. పుస్తకం వచ్చిన తరువాత కూడా మొదట కొనవలసినది పరికరాలే, షెడ్డు ముందు వెలిగే బోర్డు కాదు. కొడుకు మొదటి బండి పూర్తిచేసి తాళం అందించే రోజున తల్లిదండ్రులు ఒక్కసారి షెడ్డుకు వెళ్లాలి. బండి ఎంత మెరుస్తున్నదో చూడడానికి కాదు. చెప్పిన తేదీకి చెప్పిన ధరకు ఇచ్చాడా అని ఆ కస్టమరును అడగడానికి.